ఫుట్‌స్క్రేలో అద్దెకున్న రోజులు

2007లో చదువుకోడానికి మెల్‌బోర్న్ వచ్చిన మాకు ఫుట్‌స్క్రే గురించి తెలిసినవి రెండే. అద్దె తక్కువ. సిటీకి పడమటి వైపు అయిదారు కిలోమీటర్లే కాబట్టి రైలెక్కితే ఎంతోసేపు పట్టదు. ఆ ఊరి చరిత్ర సగం ఆ రెండు ముక్కల్లోనే ఉందని అక్కడ బతికాక తెలిసింది.

బార్క్లీ స్ట్రీట్ పక్క సందులో పాత చెక్క ఇల్లు మాది. ఖమ్మం వాణ్ణి నేను, మిగతావాళ్లు గుంటూరు, కరీంనగర్ కుర్రాళ్లు. ఇంటి ఓనరు మాసిడోనియా నుంచి ఓడలో వచ్చిన పెద్దావిడ, పక్క వాటాలోనే ఉండేది. వయసులో ఉండగా తాళ్లు పేనే ఫ్యాక్టరీలో పనిచేసిందట. మరిబిర్నాంగ్ నది ఒడ్డున ఒకప్పుడు కబేళాలు, తోళ్ల కార్ఖానాలు, తూటాల ఫ్యాక్టరీ ఉండేవి. కంపు భరించలేక డబ్బున్నవాళ్లు నదికి అవతలే ఉండిపోయారు. ఇవతల కూలీలు ఇళ్లు కట్టుకున్నారు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత వచ్చిన ఇటాలియన్లు, గ్రీకులు, యుగోస్లావియా వాళ్లు ఆ ఫ్యాక్టరీల్లోనే చేరారు, ఆ ఇళ్లలోనే దిగారు. ఎండలు తగ్గే ముందు ఆవిడ పెరట్లో బుట్టల కొద్దీ ఎర్ర క్యాప్సికం కాయలు నిప్పుల మీద కాల్చి, తొక్క ఒలిచి, ఐవర్ అనే పచ్చడి చేసేది. మాకూ ఓ సీసా ఇచ్చేది. మేం దాన్ని వేడన్నంలో కలుపుకుని తినడం చూసి మురిసిపోయేది.

హాప్కిన్స్ స్ట్రీట్ మీద ఫుట్‌స్క్రే మార్కెట్‌కి మొదటిసారి వెళ్లినప్పుడు నాకు నిజంగా ప్రాణం లేచొచ్చింది. వియత్నాం వాళ్ల కొట్లలో తోటకూర, బచ్చలి, తూటికూర, కాకరకాయలు, పచ్చి మామిడికాయలు! ఇక్కడ అవి దొరకడం వెనక పెద్ద కథే ఉంది. తెల్లవాళ్లకే చోటన్న వలస విధానాన్ని ఆస్ట్రేలియా 1973లో పూర్తిగా వదిలేసింది. రెండేళ్లకే సైగాన్ పడిపోయింది. వియత్నాం నుంచి పారిపోయి ఇక్కడికి చేరిన శరణార్థుల్లో చాలామందిని పక్క పేట మరిబిర్నాంగ్‌లోని వలసదారుల హాస్టల్లో పెట్టారు. బయటికొచ్చినవాళ్లు దగ్గర్లో చవగ్గా ఇళ్లెక్కడున్నాయో వెతుక్కున్నారు. మా ఇంటి ఓనరులాంటివాళ్లు అద్దెకిచ్చారు. బచ్చలి అమ్మే పెద్దాయన నా చేతిలో కట్ట చూసి, మీరెలా వండుతారని అడిగాడు. కందిపప్పుతో అని చెప్పాను, చేతులతో సైగలు చేస్తూ. వాళ్లు రొయ్యలతో పులుసు కాచుకుంటారట. ఆ తర్వాత వెళ్లినప్పుడల్లా లేత కట్ట ఏరి ఇచ్చేవాడు.

నికల్సన్ స్ట్రీట్ దగ్గర ఇథియోపియా హోటళ్లు అప్పటికే ఉన్నాయి. టాక్సీ నడిపేవాళ్లం అర్ధరాత్రి అక్కడికే చేరేవాళ్లం. పులిసిన దోసెలాంటి ఇంజెర పెద్ద పళ్లెంలో పరిచి, మీద పప్పు, కూరలు వడ్డించేవాళ్లు. అందరం ఒకే పళ్లెంలో తినడం మావాళ్లలో కొందరికి మొదట్లో కష్టమైంది. ఆకలి ఆ పట్టింపుని తీర్చింది.

అంతా ఇలా హాయిగా గడిచిందని రాస్తే అబద్ధమవుతుంది. 2008 ఏప్రిల్లో, టాక్సీ నడిపే భారతీయ విద్యార్థి ఒకణ్ణి కత్తితో పొడిచారు. ఫ్లిండర్స్, స్వాన్‌స్టన్ వీధులు కలిసేచోట వందలమందిమి రోడ్డు మీద కూచున్నాం. కొందరు ఆ చలిలో చొక్కాలు విప్పేశారు. డ్రైవరు సీటు చుట్టూ రక్షణ తెర పెట్టాలన్న కోరికకి ప్రభుత్వం ఒప్పుకున్నాకే లేచాం. మరుసటి ఏడాది దాడులు ఇంకా పెరిగాయి. స్క్రూడ్రైవర్ పోటుకి గురైన తెలుగు విద్యార్థి రాయల్ మెల్‌బోర్న్ ఆసుపత్రిలో ఉంటే, మే 31న ఆ గుమ్మం ముందునుంచే ఊరేగింపు మొదలుపెట్టాం. ఇంటి దగ్గర అమ్మ టీవీ చూస్తూ ఏడ్చేది. రాత్రి రైలు దిగి ఇంటికెళ్లాలంటే నాకూ భయమే. ఆ రోజుల్లో ఇంటావిడ మేమంతా ఇల్లు చేరేదాకా వరండాలో దీపం ఆర్పేది కాదు. ఈ ఊళ్లో నన్ను నిలబెట్టింది అదే. దాని ముందు ప్రభుత్వాల ప్రకటనలు నాకు చిన్నవిగానే కనిపిస్తాయి.

2016 గురించి చెప్పకపోతే తప్పు. అక్టోబర్ 1న వెస్టర్న్ బుల్‌డాగ్స్ ఫుట్‌బాల్ జట్టు సిడ్నీ స్వాన్స్‌ని ఓడించి కప్పు గెలిచింది. అది ఫుట్‌స్క్రే జట్టే, పేరే మారింది. అంతకుముందు గెలిచింది 1954లో. 1989లో జట్టుని ఇంకో క్లబ్బులో కలిపేయబోతే ఊరి జనం చందాలెత్తి ఆపుకున్నారు. అందుకే ఆ రాత్రి వీధుల్లో ముసలివాళ్లు చిన్నపిల్లల్లా ఏడ్చారు. రెండు నెలలకే డిసెంబర్లో, ఊళ్లోని మరో మార్కెట్ లిటిల్ సైగాన్ కాలిపోయింది. మర్నాడు పొద్దున నేను వెళ్లేసరికి కొట్లవాళ్లు ఎదుటి పేవ్‌మెంట్ మీద నిలబడి ఉన్నారు. ఎవరికి ఎవరు ధైర్యం చెప్పాలో తెలియలేదు.

మా తెలుగువాళ్లం చాలామంది తార్నీట్, పాయింట్ కుక్ వైపు ఇళ్లు కొనుక్కుని వెళ్లిపోయాం. నది ఒడ్డున ఇప్పుడు ఎత్తైన అపార్ట్‌మెంట్లు. బహుళ సంస్కృతుల ఊరని ఫుట్‌స్క్రేని మెచ్చుకునేవాళ్లకి నేను చెప్పేదొకటే. ఆ సంస్కృతులన్నీ ఇక్కడికి చేరింది అద్దె తక్కువ కాబట్టి. అద్దె పెరిగితే కొత్తవాళ్లకి ఇక్కడ చోటుండదు. మా అక్క కొడుకు చదువుకోడానికి వస్తూ, "మామయ్యా, నువ్వున్న ఊళ్లోనే ఉంటా" అన్నాడు. వారాల తరబడి వెతికాం. వాడి బడ్జెట్‌కి గది దొరకలేదు. చివరికి అదే రైలు లైన్లో ఇంకా అవతల, సెయింట్ ఆల్బన్స్‌లో ఒక వియత్నాం కుటుంబం ఇంట్లో చేరాడు.