బ్యాటరీకి కూడ వయస్సు ఉన్నది

ఒక కొత్త వస్తువు ఇంటికి వచ్చినప్పుడు దాని వెల ఎంత అని అందరూ అడుగుతారు. అది ఎన్నాళ్లు వస్తుంది, ముసలిదైనప్పుడు ఎలా ఉంటుంది అని అడిగేవారు తక్కువ. ఎద్దును కొనేటప్పుడు పళ్లు చూస్తాము. గేదెను కొనేటప్పుడు ఎన్నో ఈత అని అడుగుతాము. కాని కరెంటు సైకిలు కొనేటప్పుడు దానిలోని బ్యాటరీ ఆయుష్షును గురించి అడగాలన్న తలంపు చాలమందికి రాదు. ఇప్పుడు పల్లెలలో కరెంటు సైకిళ్లు, స్కూటర్లు పెరుగుతున్నాయి గనుక, మూడేళ్లుగా మా ఇంట మేము గమనించిన సంగతులు పది కుటుంబాలకు ఉపయోగపడవచ్చునని ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

మాది పల్నాడులో మిర్చి పండించే ఊరు. కాలేజీ ఉన్న టౌను 11 కిలోమీటర్ల దూరము. ఉదయము ఒక బస్సు, సాయంత్రము ఒక బస్సు. ఆ బస్సు రాని రోజున ఆటో నిండేవరకు రోడ్డు మీద నిలబడవలసిందే. ఆడపిల్లలను పదవ తరగతితో మాన్పించే ఇళ్లలో చాలవాటికి ఈ 11 కిలోమీటర్లే కారణమని మీలో అనేకులకు తెలుసు. మా పెద్దమ్మాయి డిగ్రీలో చేరినప్పుడు, 2022లో, మేము ఆలోచించి ఒక కరెంటు సైకిలు కొన్నాము. మోటారు 250 వాట్లకు మించకుండ, వేగము గంటకు 25 కిలోమీటర్లకు లోపుగా ఉండి, నియమాలకు సరిపోయిన బండికి మన దేశములో రిజిస్ట్రేషను, లైసెన్సు అక్కరలేదు. ఆడపిల్ల చేతికి ఇవ్వడానికి అదీ ఒక ధైర్యము.

కొట్టువారు "ఒక్క ఛార్జింగుకు 50 కిలోమీటర్లు పోతుందండి" అన్నారు. ఎవరు తొక్కితే, ఏ రోడ్డు మీద, ఎంత కొత్త బ్యాటరీతో అన్నది చెప్పలేదు. అందుచేత మా అమ్మాయి ఒక నోటుపుస్తకము పెట్టింది. ఏ తేదీన ఎన్ని కిలోమీటర్లు తిరిగింది, ఎక్కడికి వచ్చేసరికి గీతలు ఎన్ని మిగిలాయి అని వ్రాసేది. ఆ పుస్తకమే మాకు పాఠము చెప్పింది.

ముందుగా లెక్క చూద్దాము. బ్యాటరీ మీద రెండు అంకెలు ఉంటాయి. మా దాని మీద 36 వోల్టులు, 10 ఆంపియర్-అవర్లు అని ఉన్నది. రెంటినీ గుణిస్తే 360 వాట్-అవర్లు. అది బ్యాటరీలో పట్టే శక్తి. పెడలు తొక్కకుండ మోటారు మీదనే పోతే మా సైకిలుకు కిలోమీటరుకు సుమారు 12 వాట్-అవర్లు ఖర్చయ్యేది. 360ని 12తో భాగిస్తే 30 కిలోమీటర్లు. కాలేజీకి పోయి రావడము 22 కిలోమీటర్లు. కొత్తలో ఇంటికి వచ్చాక ఇంకా 8 కిలోమీటర్ల శక్తి మిగిలేది. ఆదివారము ఆరాధనకు, వారములో సంతకు ఆ సైకిలే.

రెండవ ఏడు గడిచేసరికి ఇంటికి చేరేటప్పటికి ఒక్క గీత మిగిలేది. మూడవ ఏడు చివర, వేసవిలో ఎదురుగాలి ఉన్న రోజున ఊరి పొలిమేర దగ్గర మోటారు ఆగిపోయేది. అమ్మాయి "నాన్నా, ఛార్జరు 100 చూపించింది, అయినా చాలలేదు" అనేది. నిండుగా ఉన్నది ఎలా చాలలేదు?

చెరువును తలంచుకొంటే ఇది బోధపడుతుంది. చెరువు అలుగు పారుతుంటే నిండినట్లే. కాని అడుగున ఏటేటా పూడిక పేరుకొంటే, నిండిన చెరువే మునుపటి ఆయకట్టుకు నీరు ఇవ్వలేదు. పైన చూసేవానికి నీటి మట్టము అదే కనబడుతుంది, లోతు తగ్గిన సంగతి కనబడదు. బ్యాటరీ మీద 100 అన్న అంకె నీటి మట్టము వంటిది. అది ఈనాటి లోతుకు నిండిందని చెబుతుంది గాని, కొన్ననాటి లోతుకు కాదు. దీనికి తోడు, ఏళ్లు గడిచేకొద్దీ తూము కూడ ఇరుకవుతుంది. అంటే బ్యాటరీ లోపలి నిరోధము పెరుగుతుంది. మెరక ఎక్కేటప్పుడు మోటారు ఒక్కసారిగా ఎక్కువ కరెంటు అడిగితే వోల్టేజి చటుక్కున పడిపోయి బండి ఆగుతుంది. కొంతసేపు ఆగితే మళ్లీ కదులుతుంది. చాలమంది దీనిని మోటారు జబ్బు అనుకొంటారు.

ఈ పూడిక ఏమిటి? ఇప్పటి కరెంటు సైకిళ్లలో ఎక్కువగా ఉండేవి లిథియం-అయాన్ బ్యాటరీలు. ఈ రకము బ్యాటరీ 1991లో మొదట మార్కెట్టులోకి వచ్చింది. దానికి పునాది వేసిన గుడెనఫ్, విటింగ్‌హామ్, యోషినో అనే ముగ్గురికి 2019లో రసాయనశాస్త్రములో నోబెల్ బహుమతి ఇచ్చారు. ఛార్జి చేసినప్పుడు లిథియము కణాలు ఒక ధ్రువము నుండి గ్రాఫైటు ఉన్న ధ్రువములోకి పోతాయి, వాడినప్పుడు తిరిగి వస్తాయి. గ్రాఫైటు మీద మొదటి ఛార్జింగులోనే ఒక సన్నని పొర ఏర్పడుతుంది. ఆ పొర లేనిదే బ్యాటరీ నిలువదు. అయితే కాలము గడిచేకొద్దీ అది మందమవుతూ కొంత లిథియమును తనలో పట్టేసుకొంటుంది. పట్టుబడిన లిథియము తిరిగి పనికి రాదు. వాడినా ఈ పని జరుగుతుంది, వాడక మూలన పెట్టినా నెమ్మదిగా జరుగుతూనే ఉంటుంది. అందుకే "రెండేళ్లు వాడలేదు, కొత్తదే" అని అమ్మజూపే పాత బండిని కొనేముందు జాగ్రత్తపడాలి.

వాడకమును 'సైకిల్' అనే లెక్కతో కొలుస్తారు. నిండు బ్యాటరీ అంతా ఖర్చయితే ఒక సైకిల్. రెండు రోజులు సగము సగము వాడినా కలిపి ఒక్కటే. సాధారణ లిథియము బ్యాటరీలు సుమారు 500 నుండి 1000 సైకిళ్ల తరువాత కొన్ననాటి శక్తిలో 80 శాతమునకు దిగుతాయి. ఐరన్ ఫాస్ఫేటు అనే రకము రెండువేలు దాటి కూడ వస్తుంది. మా అమ్మాయి రోజుకు ముప్పాతిక వంతు బ్యాటరీ వాడింది. ఏటా 200 పైగా రోజుల చొప్పున మూడేళ్లకు సుమారు 480 సైకిళ్లు అయ్యాయి. దానికి మా పల్నాటి ఎండలు తోడయ్యాయి. కాబట్టి బ్యాటరీ ఎవరినీ మోసము చేయలేదు, తన పని తాను చేసి అలసిపోయింది.

టౌనులో ఎలక్ట్రికలు పని చేసే మా మేనల్లుడు మీటరు పెట్టి కొలిచాడు. బ్యాటరీని నిండా ఛార్జి చేసి, ఆగిపోయేవరకు ఖర్చు చేయించి, "మామయ్యా, 360 ఉండవలసిన చోట 252 ఉన్నది. 70 శాతము" అన్నాడు. 252ని 12తో భాగిస్తే 21 కిలోమీటర్లు. కాలేజీకి పోయి రావడానికి ఒక్క కిలోమీటరు తక్కువ!

ఆ ఒక్క కిలోమీటరు మాకు చిన్నది కాదు. పెద్దమ్మాయి డిగ్రీ పూర్తయిన 2025లోనే చిన్నమ్మాయి పదవ తరగతి పాసై ఇంటరులో చేరవలసి ఉన్నది. కొత్త బ్యాటరీ వెల సైకిలు వెలలో మూడవ వంతుకు మించి చెప్పారు. ఆ సంవత్సరము మిర్చి ధర ఎంతగా పడిపోయిందో రైతు కుటుంబాలకు చెప్పనక్కరలేదు. కూలీల డబ్బు, మందుల కొట్టు బాకీ తీర్చేసరికి చేతిలో ఏమీ మిగలలేదు. "ఈ ఏడు బస్సుకు పంపుదాము, బస్సు రాకపోతే మానుతుంది" అని బంధువులు సలహా ఇచ్చారు. మానడము ఒకసారి మొదలైతే ఎక్కడ ఆగుతుందో ఎవరు చెప్పగలరు? చిన్నమ్మాయి ఏమీ అనలేదు గాని, అక్క నోటుపుస్తకము తీసి తన పుస్తకాలలో పెట్టుకొన్నది.

పాత సెల్లులలో చెడినవి మాత్రము తీసి కొత్తవి వేస్తే తక్కువలో పోతుందని ఒక రిపేరు కొట్టువారు చెప్పారు. మేనల్లుడు వద్దన్నాడు. 36 వోల్టుల బ్యాటరీలో పది వరుసలు ఒకదాని వెనుక ఒకటి ఉంటాయి. వాటిలో అన్నిటికంటె బలహీనమైన వరుస ఖాళీ కాగానే లోపలి రక్షణ సర్క్యూటు మొత్తమును ఆపివేస్తుంది. కోడె పక్కన ముసలి ఎద్దును కట్టినట్లు, కొత్త పాత సెల్లులు కలిస్తే కాడి సమముగా నడవదు. అతుకులు సరిగా లేనియెడల నిప్పు భయము కూడ ఉన్నది.

చివరకు లెక్కే దారి చూపింది. పెడలు తొక్కుతూ మోటారు సాయము మాత్రము తీసికొంటే కిలోమీటరుకు 8 వాట్-అవర్లు చాలుతున్నట్లు పెద్దమ్మాయి పుస్తకములోనే ఉన్నది. 252ని 8తో భాగిస్తే 31 కిలోమీటర్లు. అంటే కాళ్లు కొంత పని చేస్తే, పాత బ్యాటరీయే కొత్తదానివలె పోయి వస్తుంది. దానికి తోడు కాలేజీ దగ్గర వాళ్ల పిన్ని ఇల్లు ఉన్నది. వాన ముసురు, ఎదురుగాలి ఉన్న రోజులలో అక్కడ ఒక గంట ఛార్జింగు పెడితే దాదాపు 70 వాట్-అవర్లు చేరతాయి. టైర్లలో గాలి సరిగా ఉంచితే మరికొంత ఆదా. ఈ విధముగా చిన్నమ్మాయి కాలేజీకి పోతూనే ఉన్నది. నెలనెలా కొంత సొమ్ము బ్యాటరీ కొరకు పక్కన పెడుతున్నాము.

ప్రియ పాఠకులారా, మీ ఇంట బ్యాటరీ బండి ఉన్నట్లయితే కొన్ని సంగతులు జ్ఞాపకముంచుకొనండి. లిథియము బ్యాటరీకి మొదటి శత్రువు వేడి. ఎండలో నిలిపిన బండిని, ఎండలో తిరిగి వచ్చిన బండిని వెంటనే ఛార్జింగు పెట్టవద్దు. నీడలో చల్లారనివ్వండి. మధ్యాహ్నము రేకుల షెడ్డు క్రింద కంటె చెట్టు నీడ మేలు. రెండవది, నిండుగా నింపి రోజుల తరబడి ఉంచడము. ప్రయాణము దగ్గర పడినప్పుడు నింపడము మంచిది. మూడవది, పూర్తిగా ఖాళీ చేసి అలాగే వదలివేయడము. సెలవులలో నెలల తరబడి బండి ఆపవలసి వస్తే సుమారు సగము ఛార్జితో చల్లని చోట ఉంచి, అప్పుడప్పుడు చూసుకొనండి. అయితే సీసపు బ్యాటరీ ఉన్న పాత బండ్లకు ఈ మాట వర్తించదు. దానిని ఎప్పుడూ నిండుగానే ఉంచాలి, సగములో వదిలితే పలకల మీద గట్టి పెచ్చు కట్టి పాడవుతుంది. కనుక మీ బండిలో ఉన్నది ఏ రకమో ముందు తెలిసికొనండి.

ప్రాణానికి సంబంధించిన మాట ఒకటి. 2022 ఏప్రిల్‌లో నిజామాబాదులోను, విజయవాడలోను ఇళ్లలో ఛార్జింగులో ఉన్న బండి బ్యాటరీలు పేలి మరణాలు సంభవించాయి. ఆ తరువాత ప్రభుత్వము కరెంటు బండ్ల బ్యాటరీల భద్రతా నియమాలను కఠినము చేసింది. అయినా మన జాగ్రత్త మనకు ఉండాలి. దానితో వచ్చిన ఛార్జరునే వాడండి. పడకగదిలో, గుమ్మమునకు అడ్డముగా, అందరూ నిద్రించే వేళ ఛార్జింగు పెట్టవద్దు. ఉబ్బిన బ్యాటరీని, నీట మునిగిన బ్యాటరీని, వాసన వచ్చే బ్యాటరీని మళ్లీ ఛార్జి చేయవద్దు.

కొనేటప్పుడు "ఎన్ని కిలోమీటర్లు" అని మాత్రమే గాక, "ఎన్ని వాట్-అవర్లు, ఏ రకము, వారంటీ ఎన్నేళ్లు, ఎంత శాతమునకు దిగితే మార్చి ఇస్తారు, విడిగా బ్యాటరీ వెల ఎంత" అని అడిగి కాగితము మీద వ్రాయించుకొనండి. మీ రోజువారీ దూరమునకు ఒకటిన్నర రెట్లు పోగలిగినది కొంటే, బ్యాటరీ 70 శాతమునకు దిగినా మీ పని ఆగదు. కొన్న నెల నుండే కొత్త బ్యాటరీ కొరకు కొద్ది సొమ్ము దాచడము మొదలుపెట్టండి. పనికిరాని బ్యాటరీని చెత్తలోనో, చెరువులోనో వేయవద్దు. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నియమాల ప్రకారము పాత బ్యాటరీలను సేకరించే బాధ్యత తయారుదార్ల మీద ఉన్నది గనుక, అమ్మినవారినే అడగండి.

వస్తువు నీరసించినప్పుడు పారవేయక, దానిలో ఇంకా ఎంత శక్తి మిగిలి ఉన్నదో కొలిచి చూడడము మంచి గృహస్థుల లక్షణము. మా ఇంటి బ్యాటరీలో 30 శాతము పోయింది, 70 శాతము మిగిలింది. ఆ 70తోనే ఒక పిల్ల చదువు సాగుతున్నది.