పడవ దారి, రైలు దారి

రైలు రాకపూర్వం గోదావరి, కృష్ణా డెల్టాలలో దూరప్రయాణమంటే చాలావరకు కాలువ ప్రయాణమే. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట, 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తి కావడంతో పొలాలకు నీరిచ్చిన కాలువలే జనానికి రహదారులైనాయి. కాకినాడలో బయలుదేరిన పడవ ఏలూరు, కొమ్మమూరు కాలువల మీదుగా పెదగంజాం చేరి, అక్కడినుండి తీరం వెంట సాగే బకింగ్‌హాం కాలువలో మద్రాసు చేరేది.

ఈ ఉప్పునీటి కాలువకు 1806లో మద్రాసు, ఎన్నూరుల మధ్య అంకురార్పణ జరిగింది. 1877-78 నాటి ధాత కరువులో క్షామపీడితులకు పని కల్పించడానికై, నగరం నడుమ అడయారు, కూవం నదులను కలుపుతూ సుమారు 8 కిలోమీటర్లు తవ్వించారు. నాటి గవర్నరు పేరే కాలువకు స్థిరపడింది.

గాలి అనుకూలిస్తే తెరచాప ఎత్తేవారు; లేకుంటే మనుషులు గట్టు వెంట నడుస్తూ తాడుతో పడవను లాగేవారు. లాకుల వద్ద నీటిమట్టం సమమయ్యేవరకు ఆగవలసిందే. వంట, భోజనం, నిద్ర అన్నీ దారిలోనే. బియ్యం, ఉప్పు, వంటచెరకు కూడా ఈ దారినే నగరం చేరేవి.

భారతదేశానికి వేగం కంటె చౌక రవాణా ముఖ్యమని, ఒకే కాలువ సేద్యానికీ రాకపోకలకూ ఉపకరిస్తుందని ఆనకట్టల నిర్మాత ఆర్థర్ కాటన్ 1878లో బ్రిటిష్ పార్లమెంటు సంఘం ఎదుట వాదించాడు. పాలకుల మొగ్గు రైలు వైపే ఉండిపోయింది. 1899లో బెజవాడ, మద్రాసుల మధ్య రైలుమార్గం ఏర్పడింది. 1900లో రాజమండ్రి వద్ద గోదావరిపై వంతెన వెలసింది. రోజుల ప్రయాణం గంటలలోకి వచ్చింది.

కాటన్ వాదంలోనూ లోపం లేకపోలేదు. సేద్యానికి పారే నీరు కావాలి, పడవకు నిలకడ నీరు కావాలి. వేసవిలో మరమ్మతులకై డెల్టా కాలువలు కట్టివేస్తే పడవలు నిలిచిపోయేవి. రైలుకు ఆ ఋతుబంధం లేదు. కాని తొందరలేని బరువు సరకుకు పడవ అవసరం తీరలేదు. రైలు వచ్చిన తరువాత కూడా దశాబ్దాలపాటు ఉప్పు, కట్టెలు కాలువమీదనే నడిచాయి. క్రమంగా పూడిక పేరుకొన్నది. 1966, 1976 తుపానులు ఉన్న దారిని కూడా దెబ్బతీశాయి.

2008లో కాకినాడ, పుదుచ్చేరిల మధ్య కాలువలను, గోదావరి, కృష్ణా నదుల కొన్ని భాగాలతో కలిపి, నాలుగవ జాతీయ జలమార్గంగా ప్రకటించారు. అప్పటికే చెన్నైలో, 1997లో మైలాపూరు వరకు విస్తరించిన రైలు వంతెన స్తంభాలు అదే కాలువ గర్భంలో పాతుకొని ఉన్నాయి. ఒకనాడు కరువు కూలీలు పడవల కోసం తవ్విన చోటు అది.