దాపరికాలు వద్దంటే సరిపోతుందా?

"మనసు విప్పి మాట్లాడండి, మన మధ్య దాపరికాలు వద్దు." సైదాబాద్‌లో మేం వెళ్ళే యూత్ మీటింగులో దాదాపు ప్రతి ఆదివారం వినే మాట ఇది. మంచి మాటే, కాదనను. కానీ నిజం చెప్పడానికి అందరికీ ఒకటే ఖర్చవుతుందా అన్నది నా సందేహం.

మా ఫ్రెండ్ ఒకడున్నాడు (వాడికి చదివి వినిపించాకే ఇది పెడుతున్నాను). రోజూ ఇద్దరం దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి రాయదుర్గం పోతాం. ఆరేళ్ళుగా వాడు చర్చి మానలేదు. బాప్తిస్మం మాత్రం తీసుకోలేదు. "ఎప్పుడు బ్రదర్?" అని అడిగితే నవ్వి ఊరుకుంటాడు. వాడికి విశ్వాసం తక్కువని కొందరు తేల్చేశారు కూడా.

అసలు సంగతి నాకు చెప్పాడు. వాళ్ళు ఎస్సీలు. చెల్లెలు టీచరు పోస్టుకి కోచింగ్ తీసుకుంటోంది. వీడి పేరు చర్చి రిజిస్టరులోకి ఎక్కితే రేపు ఎవరైనా ఫిర్యాదు చేస్తారేమో, ఆ పిల్ల సర్టిఫికెట్ మీదకొస్తుందేమో అని భయం.

ఉత్తి భయమే అనుకోకండి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువులకే ఎస్సీ హోదా. 1956లో సిక్కుల్నీ, 1990లో బౌద్ధుల్నీ చేర్చారు. క్రైస్తవుల్ని చేర్చలేదు. మన రెండు రాష్ట్రాల్లోనూ ఎస్సీలకి 15 శాతం రిజర్వేషన్ ఉంటే, క్రైస్తవంలోకి మారినవాళ్ళు బీసీ-సిలోకి వస్తారు. అక్కడున్నది 1 శాతం. 2024 నవంబరులో సుప్రీంకోర్టు, బాప్తిస్మం పొందిన ఒక పుదుచ్చేరి మహిళ ఎస్సీ సర్టిఫికెట్ అడిగితే, నమ్మకం లేకుండా రిజర్వేషన్ కోసమే హిందువునని చెప్పుకోవడం రాజ్యాంగాన్ని మోసం చెయ్యడమేనంది. 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, పదేళ్ళుగా పాస్టరుగా ఉన్నాయనకి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల చట్టం వర్తించదంది.

"అయితే ఏదో ఒకటి తేల్చుకోవాలి, రెండు పడవల మీద కాళ్ళెందుకు?" అంటారు. చట్టం సంగతి చూస్తే ఆ ప్రశ్న న్యాయమే. కాకపోతే మతం మారితే కులం పోతుందన్న లెక్క మీద నిలబడ్డ చట్టమిది. పోయిందా? మన చర్చిల్లోనే చూడండి. బల్ల దగ్గర అందరిదీ ఒకే రొట్టె. పెళ్ళి సంబంధం దగ్గరికొచ్చేసరికి మాలలా, మాదిగలా అని ఆరా!

1878 జూలై 3న ఒంగోలు దగ్గర గుండ్లకమ్మ ఏట్లో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఎక్కువమంది మాదిగలు. పట్టపగలు, ఊళ్ళన్నీ చూస్తుండగా. వాళ్ళ తర్వాతి తరాలవాళ్ళు చర్చిలో ఒక పేరుతో, కాలేజీలో ఇంకో పేరుతో బతకాల్సొస్తే తప్పు పిరికితనానిదేనా?

ఇక నా సంగతి. నా పేరు చివర రెడ్డి ఉంది. మూడు తరాలుగా క్యాథలిక్కులం. దాచుకోవాల్సిన అవసరం ఎక్కడా రాలేదు. నేను ఓపెన్‌గా ఉంటానంటే అందులో నా ధైర్యమేం లేదు, నాకు పోయేదేం లేదు కాబట్టి ఉంటున్నాను. అప్రైజల్‌కి వారం ముందు మీటింగు పెట్టి "ఫ్రీగా మాట్లాడండి" అంటే ఎవరు నోరు విప్పుతారో మనకి తెలీదా? జీతం పెంచేవాడికి ధైర్యం బాగానే ఉంటుంది :)

ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ 2023 మార్చిలో దళిత క్రైస్తవుల్ని ఎస్సీల్లో చేర్చమని తీర్మానం చేసింది. మా మీటింగులో దాని గురించి ఒక్క ప్రార్థన కూడా నేను వినలేదు. వీసాల కోసం మాత్రం వారం వారం చేస్తాం.

బాప్తిస్మం ఎప్పుడని వాడిని అడిగే ముందు, నీ చెల్లెలికి ఏమైనా అయితే మేం ఉన్నాం, వకీలు ఫీజు మేం కడతాం అనగలిగేవాళ్ళు మాలో ఎంతమంది? అంతవరకూ వాడు నాతో చెప్పుకున్నది చాలు. చర్చి మొత్తానికీ చెప్పమని నేనడగను.

మీరేమంటారు?