నోరున్నవాళ్ల మీటింగు

పెళ్లిచూపుల్లో నోరు విప్పని పిల్లని ‘బుద్ధిమంతురాలు’ అంటాం. అదే పిల్ల ఉద్యోగంలో చేరి మీటింగులో నోరు విప్పకపోతే ‘చొరవ లేదు’ అంటారు. మా ధర్మపురిలో పంచాంగం చెప్పే పంతుళ్లకు లోటు లేదు గానీ, ఆడపిల్ల ఎప్పుడు మాట్లాడాలో, ఎప్పుడు మాట్లాడకూడదో చెప్పే పంచాంగం మాత్రం ఇంతవరకూ ఎవరూ రాయలేదు!

మా ఆడపడుచు కూతురు హైదరాబాదులో ఒక కంపెనీలో పనిచేస్తుంది. మొన్న దసరాకి వచ్చి, మొహం వేళ్లాడేసుకుని కూర్చుంది. ఏమైందే అంటే, ప్రమోషన్ రాలేదట.

“ఆలోచన నాదే అత్తమ్మా. పక్క సీటాయనకు చెప్పిన. మీటింగుల ఆయన గట్టిగ చెప్పిండు. ఇగ అది ఆయనదే అయింది.”

“నువ్వే చెప్పకపోయినవా?”

“అందరు ఒక్కసారే మాట్లాడుతుంటే నాకు మాట రాదు. వచ్చేసరికి మీటింగు అయిపోతది.”

నాకు కడుపులో దేవినట్లయింది. పిల్లకి తెలివి తక్కువై కాదు, గొంతు తక్కువై ప్రమోషన్ పోయింది!

నలుగుర్నీ కూర్చోబెట్టి, తోచింది తోచినట్టు చెప్పమనే పద్ధతిని ఆస్‌బర్న్ అనే అమెరికా అడ్వర్టయిజ్‌మెంట్ల ఆయన 1953లో రాసిన పుస్తకంతో బాగా ప్రచారం చేశాడు. 1958లో యేల్ యూనివర్సిటీ వాళ్లు దాన్ని పరీక్ష పెట్టి చూస్తే, కలిసి కూర్చున్న నలుగురికన్నా విడివిడిగా కూర్చున్న నలుగురికే ఎక్కువ ఆలోచనలు వచ్చాయట! ఇందులో వింతేముంది చెప్పండి? ఒకరు మాట్లాడుతుంటే తక్కినవాళ్లు ఆగాలి. ఆగేలోపల తోచింది కాస్తా జారిపోతుంది.

1968లో రోర్‌బాఖ్ అనే జర్మన్ ఇంకో దారి చెప్పాడు. ఆరుగురు కూర్చుని, అయిదు నిమిషాల్లో తలా మూడు ఆలోచనలు కాగితం మీద రాసి, పక్కవాళ్లకు అందించాలి. అలా ఆరుసార్లు. అరగంటలో నూట ఎనిమిది ఆలోచనలు, ఒక్క మాటైనా లేకుండా!

అంతదూరం దేనికి, మన పొదుపు సంఘాలున్నాయిగా! ఆడవాళ్లు గుండ్రంగా కూర్చుంటారు. పొదుపు, అప్పు, వాయిదా, అన్నీ పుస్తకంలో ఎక్కిస్తారు. మా వీధి సంఘంలో వరసగా అందర్నీ అడుగుతారు. నెలల తరబడి “నేనేం జెప్తనక్కా” అని తల దించుకున్న ఒకామె, ఓ రోజు తన వంతు వచ్చినప్పుడు మెల్లిగా అంది: “జూన్ల బడులు తెరుస్తరు. అందరికీ ఒక్కపారే పైసలు గావాలె. ఇప్పట్నుంచే జెరన్ని పక్కకు పెడితే?” అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ జూన్‌లో పిల్లల పుస్తకాల కోసం ఎవరూ వడ్డీవ్యాపారి గడప తొక్కలేదు. ఆమె వంతు దాటేసి ఉంటే?

మీలో హెడ్‌మిస్ట్రెస్‌లున్నారు, ఆఫీసర్లున్నారు. మీటింగు సంగతి ముందురోజే చెప్పండి. తోచింది కాగితం మీద రాసిమ్మనండి. ఎవరైనా గట్టిగా చెబితే, ఇది మొదట ఎవరికి తోచిందని ఒక్కమాట అడగండి. మాటకారులు మారక్కర్లేదు, మితభాషులూ మారక్కర్లేదు. వంతు ఒక్కటి ఉంటే చాలు.

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. ఆ నోరు అప్పుడప్పుడు కాస్త ఆగినా ఊరికి మంచిదే!