ముందు టోకెన్, తర్వాత కోత

మా టీంలో కొత్తగా చేరిన కుర్రాడు వేల బిల్లుల వివరాలను వేరే సర్వర్ నుంచి తెచ్చే ప్రోగ్రాం రాశాడు. కొన్నింటికి జవాబులొచ్చాయి, ఆ తర్వాత వరుసగా 429లు. ‘మరీ ఎక్కువ అడుగుతున్నావు, ఆగు’ అని సర్వర్ చెప్పే నంబరది.

"అన్నా, పది పదే పంపుతున్న గదా" అన్నాడు.

హాలియాలో మా ఇంట్లోనే కూర్చుని కోడ్ తెరిచాం. లిస్టు మొత్తం మీద మ్యాప్ నడిపి వేల ప్రామిస్‌లు ముందే తయారుచేశాడు. వాటినే పదేసి చొప్పున ప్రామిస్ ఆల్‌కు ఇస్తున్నాడు. జావాస్క్రిప్ట్‌లో ప్రామిస్ చేతికొచ్చిందంటే పని అప్పటికే మొదలైపోయినట్టు. ప్రామిస్ ఆల్ దేన్నీ మొదలుపెట్టదు, దేన్నీ ఆపదు. ఇచ్చినవన్నీ ముగిసేదాకా, లేదా ఏదైనా ఒకటి విఫలమయ్యేదాకా కాచుకుంటుంది, అంతే.

వాడిది నిడమనూరు దిక్కు, వరి పండించే ఇల్లు. 2021 వానాకాలం కోతలప్పుడు మిర్యాలగూడ మిల్లులకు సన్నవడ్లు తోలాలంటే టోకెన్ కావాల్సివచ్చిన సంగతి మా ఇద్దరికీ తెలుసు.

"మీ నాయిన టోకెన్ దొరికినంక మిషన్ పిలిచిండా, మొత్తం కోపిచ్చి టోకెన్‌కు పోయిండా?"

"కోసినంక పోతే ఏం లాభమన్నా? పచ్చి వడ్లు, ట్రాక్టర్లనే ముక్కిపోతయ్."

"మరి నువ్వు ఊరంతా కోపిచ్చి రోడ్డు మీద పోసినవ్."

నవ్వాడు. ఆ తర్వాత నేను చెప్పాల్సింది పెద్దగా మిగల్లేదు. లిమిట్ పెట్టేదానికి ప్రామిస్ ఇవ్వకూడదు, పిలవని ఫంక్షన్ ఇవ్వాలి. చోటు దొరికినప్పుడు అదే పిలుస్తుంది. పి-లిమిట్ అనే చిన్న లైబ్రరీ చేసేది ఇదే. పైథాన్‌లోనైతే ఎసింక్ఐఓ సెమాఫోర్ ఉంది. ఆ సెమాఫోర్ ఆలోచన 1960ల నాటి డైక్‌స్ట్రాది.

పదేసి జట్లుగా పంపడం నాకు నచ్చదు. తొమ్మిది ముగిసి ఒకటి నానుతుంటే తొమ్మిది చోట్లు ఊరికే ఖాళీగా ఉంటాయి. ఒకటి ముగిసిన వెంటనే ఇంకొకటి ఎక్కాలి.

ఇక పదే ఎందుకు? చాలామంది తోచిన అంకె వేస్తారు. జాన్ లిటిల్ 1961లో నిరూపించిన సూత్రం ఇక్కడ పనికొస్తుంది. సర్వర్ సెకనుకు 50 అడగనిస్తే, ఒక్కో జవాబుకు 200 మిల్లీసెకన్లు పడితే, రెండింటినీ గుణిస్తే వచ్చే 10 ఒకేసారి నడిస్తే సరిపోతుంది. కానీ సర్వర్ ఏ రాత్రివేళో చురుకై 100 మిల్లీసెకన్లకే జవాబిచ్చిందనుకోండి, అదే 10తో సెకనుకు 100 వెళ్తాయి, మళ్లీ 429. కాబట్టి ఒకేసారి ఎన్ని అన్న హద్దు వేరు, సెకనుకు ఎన్ని అన్న హద్దు వేరు. రెండూ పెట్టాలి.

సొంతంగా సెమాఫోర్ రాసుకునేవాళ్లు చోటును ఫైనల్లీలోనే వదలాలి. లేకపోతే ఎర్రర్‌తో ఆగిన ప్రతి పనీ ఒక చోటు పట్టుకుపోతుంది.

అంతకన్నా మొండిది ఇంకోటుంది. చోటు పట్టుకున్న పని, లోపల మళ్లీ అదే లిమిట్‌లో ఇంకో చోటు అడిగి దానికోసం ఆగడం. పదీ అలా ఆగితే వదిలేవాళ్లుండరు. ఎర్రర్ రాదు, సీపీయూ ఖాళీగా ఉంటుంది, ప్రోగ్రాం మాత్రం కదలదు. లోపలి పనికి వేరే లిమిట్ పెట్టాలి. మామూలు టెస్టుల్లో ఇది బయటపడదు, రెండు మూడు బిల్లులతో పది చోట్లు నిండవు మరి. అందుకే టెస్టుల్లో లిమిట్‌ను ఒకటికి దించి నడిపిస్తాను. తప్పుంటే మొదటి బిల్లు దగ్గరే ఆగిపోతుంది.