గోడ కింద దుక్కి

ఉత్తర బ్రిటన్‌లో రోమన్ల పాలన అనగానే ఎవరికైనా హేడ్రియన్ గోడే గుర్తొస్తుంది. క్రీ.శ. 122లో హేడ్రియన్ చక్రవర్తి మొదలుపెట్టించిన ఆ గోడ, తూర్పు నుంచి పడమటి తీరం దాకా దాదాపు 117 కిలోమీటర్లు సాగుతుంది. దాని గురించి చదివినప్పుడల్లా నా మనసు మాత్రం దాని అడుగునున్న మట్టి మీదికే పోతుంది.

వాల్సెండ్, డెంటన్ల దగ్గర తవ్వితే రోమన్ల కట్టడాల కింద నాగటి చాళ్లు బయటపడ్డాయి. అక్కడి నాగలి కూడా మన కర్రనాగలి లాంటిదే. మట్టిని తిరగేయదు, గీరుకుంటూ పోతుంది. అందుకే నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి దున్నాలి. మన రైతులు సాలు, ఇరువాలు అనేది దీన్నే. అంటే, సైనికులు పునాది తీసింది ఎవరో సాగుచేసుకుంటున్న చేలో!

ఎవరు వాళ్లు? కందకం, గట్టు మధ్య నాలుగైదు గుండ్రటి ఇళ్లు. గడ్డి కప్పు, నడిమధ్యన పొయ్యి. గోధుమ, బార్లీ పండించేవారు. ఆవుల్ని, గొర్రెల్ని పెంచేవారు. రాతి తిరగలితో పిండి విసురుకునేవారు. దక్షిణాన రోమన్ పద్ధతి భవంతులు లేస్తున్నా, ఇక్కడి పల్లెల్లో చాలావాటిలో తరాల తరబడి ఆ గుండ్రటి ఇళ్లే.

గోడకు దగ్గర్లోని విండోలాండా కోటలో 1973 నుంచి సిరాతో రాసిన పలుచటి చెక్కపలకలు దొరుకుతున్నాయి. పుట్టినరోజుకు రమ్మని ఒక అధికారి భార్య స్నేహితురాలిని పిలిచిన పలక ఉంది. అయిదు వేల కొలతల ధాన్యం కొన్నాను, డబ్బు పంపమని ఆక్టేవియస్ అనే ఆయన పెట్టుకున్న మొర ఉంది. స్థానికుల్ని 'ఈ బ్రిటన్‌గాళ్లు' అన్నట్టు చులకన చేసిన మాటా ఉంది. ఆ 'గాళ్లు' తమ గురించి రాసుకున్న ఉత్తరం మాత్రం ఒక్కటీ లేదు.

గోడకు ఉత్తరాన, ఇప్పటి న్యూకాజిల్ పరిసరాల్లోని పల్లెల కథ ఇంకా బాధ కలిగిస్తుంది. వందల ఏళ్లుగా సాగిన కాపురాలు రెండో శతాబ్దంలో ఆగిపోయాయని తవ్వకాల్లో తేలింది. గోడే కారణమై ఉంటుందని పరిశోధకుల అంచనా. చేనుకూ మేతబీడుకూ, పుట్టింటికీ మెట్టినింటికీ మధ్య గోడ లేస్తే కాపురం ఎలా నిలుస్తుంది?

గోడ కట్టించినవాడి పేరు గోడకే ఉంది. చాళ్లు తీసినవాడి పేరు ఎవరికీ తెలియదు. కానీ పందొమ్మిది వందల ఏళ్ల తర్వాత కూడా, అతని నాగలి ఎటు నడిచిందో వేలుపెట్టి చూపించొచ్చు.