ఒక్క పెనం రుచి

పలమనేరులో బెల్లం అంగడికి ఎవరు వెళ్లినా మొదట చూసేది రంగు. పసుపుపచ్చగా మెరిసే అచ్చులు ముందు వరసలో ఉంటాయి. వాటి ధరా ఎక్కువే. ముదురు గోధుమరంగు ముద్దలు మాత్రం వెనకాల గోనెసంచిలో ఉంటాయి. ఆ గోనెసంచి వైపు వేలు చూపించే మనిషి ఊళ్లో ఒకరున్నారు. లెక్కల అయివారుగా పనిచేసి రిటైరయ్యారు. చిన్న పలుకు విరిచి నోట్లో వేసుకుని, కాసేపు చప్పరించి, ‘ఇది పోయినసారి ఇచ్చింది కాదు కదప్పా’ అంటారు. అంగడాయన నవ్వుతాడు. ‘బెల్లానికి పోయినసారి, ఈసారి ఏముంటాది సార్!’

ఉంటుంది. గానుగ దగ్గర ఒక్క పూట కూర్చుంటే తెలుస్తుంది. అయివారు చాలా పూటలే కూర్చున్నారు. మొగిలి ఘాట్ దిగి బంగారుపాళ్యం వైపు వెళితే రోడ్డు పక్కన పొగ కనిపించేది గానుగే. చెరుకు ఆడతారు. రసం పెద్ద పెనంలో పోస్తారు. కింద మంటకు ఎండిన చెరుకు పిప్పే. రసం కాగేకొద్దీ మడ్డి పైకి తేలుతుంది. సున్నం వేసి ఆ మడ్డిని విరగ్గొడతారు, జల్లెడ గరిటతో తోడేస్తారు. పొంగు రాకుండా ఓ చుక్క నూనె. తర్వాతంతా పాకం చూసేవాడి చేతిలో ఉంటుంది. చల్లటి నీళ్లలో కాస్త పాకం వేసి, ఉండ చుట్టి, పళ్లెం అంచుకేసి కొడతాడు. టంగుమంటే దించేయాలి. అప్పటికి పాకం వేడి 118 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంటుంది. ఆయన చేతిలో థర్మామీటరు ఉండదు, చెవి ఉంటుంది.

పెనానికీ పెనానికీ తేడా ఇక్కడే వస్తుంది. నిన్న కొట్టిన చెరుకు ఇవాళ ఆడితే ఒక రుచి. రెండు రోజులు ఎండలో పడి ఉంటే అందులోని చక్కెర విరిగిపోయి బెల్లం గట్టిపడదు. కొత్తగా నాటిన తోట రసం వేరు, మోడు నుంచి మళ్లీ చిగిర్చిన కార్శి తోట రసం వేరు. బోరునీళ్లలో ఉప్పు ఉంటే నాలుక చివర పట్టేస్తుంది. కోతకు ముందు యూరియా ఎక్కువ చల్లితే రంగు ముదురుతుంది, ముద్ద మెత్తబడుతుంది. సున్నం నాలుగు గింజలు ఎక్కువైనా అంతే. టన్ను చెరుకు ఆడితే వంద కిలోలకు అటూఇటూగా బెల్లం వస్తుంది. పొద్దున దించిన పెనం, సాయంత్రం దించిన పెనం ఒకే తోటవైనా అన్నదమ్ముల్లా పోలికలుంటాయి తప్ప ఒకటి కావు.

అయివారు ఇంటికి తెచ్చిన ప్రతి ముద్దకూ ఓ చీటీ అంటిస్తారు. తేదీ, తోట, ఎన్నో పెనం. ఇంట్లోవాళ్లకు అదో తమాషా. అమెరికా నుంచి వచ్చిన అల్లుడు మాత్రం నవ్వలేదు.

ఆ అబ్బాయిది కెంటకీ రాష్ట్రంలో ఉద్యోగం. ‘మామా, మా దగ్గర బోర్బన్‌కి ఇట్లే చీటీలు రాస్తారు’ అన్నాడు. అయివారికి తెలిసిన బోర్బన్ బిస్కెట్టే! ఇది విస్కీ. సగానికి పైగా, అంటే కనీసం 51 శాతం మొక్కజొన్నతో చేయాలి. లోపల కాల్చిన కొత్త ఓక్ పీపాల్లో నిలవ పెట్టాలి. పీపా ఒక్కోటి 200 లీటర్లు. ఒకే రోజు ఒకే సరుకు నింపినా, గోదాము పై అంతస్తులో వేసవి వేడికి ఉడికిన పీపా రుచి ఒకటి, కింద చల్లగా పడున్న పీపాది మరొకటి. మామూలుగా చాలా పీపాలు కలిపేసి, ప్రతి సీసా ఒకేలా ఉండేట్టు చూస్తారు. అలా కలపకుండా ఒక్క పీపాలోదే సీసాల్లో నింపితే దాన్ని సింగిల్ బ్యారెల్ అంటారు. 1984లో ఫ్రాంక్‌ఫర్ట్ అనే ఊళ్లో ఎల్మర్ టి. లీ అనే ఆయన బ్లాంటన్స్ పేరుతో దీన్ని అమ్మకానికి పెట్టాడు. సీసా మీద పీపా నంబరు, ఏ గోదాము, ఏ తేదీన ఖాళీ చేశారో రాసి ఉంటుంది. అప్పట్లో బోర్బన్ అడిగేవాళ్లు తగ్గిపోతున్నారు. ఇప్పుడు ఆ సీసా కోసం వెతుకులాట!

‘అంత బాగుంటుందా?’ అని అయివారి సందేహం. అల్లుడు నిజాయతీగానే చెప్పాడు. బ్లాంటన్స్‌లో నారింజ తొక్క, పంచదార పాకం వాసన. ఫోర్ రోజెస్ సింగిల్ బ్యారెల్‌లో రై అనే ధాన్యం ఎక్కువ కాబట్టి మిరియాల ఘాటు. ఎవాన్ విలియమ్స్ వాళ్ల సింగిల్ బ్యారెల్ మెత్తగా ఉంటుంది, ధర మిగతా రెంటికన్నా తక్కువ. రోజువారీకి తన ఓటు దానికే. బ్లాంటన్స్‌కి పెట్టే డబ్బులో కొంత రుచికి, చాలావరకు దొరకకపోవడానికి! సీసా బిరడా మీద గుర్రం బొమ్మకు కూడా కొంత. తాగని మనిషి కాబట్టి అయివారు మూత తీసి వాసన మాత్రం చూశారు. ‘కాలిన బెల్లం వాసన వస్తా ఉంది కదరా!’ అన్నారు. నిజమే. కాల్చిన చెక్కలోని చక్కెరలే ఆ రంగు, ఆ వాసన ఇస్తాయి. ఇంకో మాట ఆయన్ను పట్టేసింది. బోర్బన్‌లో పైనుంచి రంగు కలపకూడదని అక్కడ చట్టం.

మరి మన బెల్లంలో? రంగు కోసమే అన్నీ. హైడ్రోస్ అని రైతులు పిలిచే సోడియం హైడ్రోసల్ఫైట్ చిటికెడు వేస్తే ముదురు పాకం బంగారు రంగుకు తిరుగుతుంది. కొన్ని వారాలకు ఆ రంగు పోయి ముద్ద నల్లబడుతుందనుకోండి, అప్పటికి అది అంగడి దాటి మన డబ్బాలోకి చేరిపోయి ఉంటుంది. మోతాదు మించితే గంధకం మిగులు నాలుక మీద చురుక్కుమంటుంది. ఆహార ప్రమాణాల ప్రకారం బెల్లంలో మొత్తం చక్కెరలు 90 శాతానికి, అందులో సుక్రోజ్ 60 శాతానికి తగ్గకూడదు. రంగు ఇంత ఉండాలని కాదు. రంగు అడిగేది మనమే.

ఆ సాయంత్రం వంటింట్లో నాలుగు పళ్లేలు పెట్టారు. పచ్చటి అచ్చు తియ్యగా ఉంది, అంతే... మింగాక ఏమీ మిగల్లేదు. కొత్త తోట మొదటి పెనంది చెరుకు వాసనతో, కాస్త నెయ్యిలాగా. కార్శి తోటది ఘాటు, చివర్లో చిరు ఉప్పదనం. మరీ నల్లటి నాలుగోది మాడింది. ‘సింగిల్ పెనం’ అని మురిసిపోతే సరిపోదు, మాడిన పెనమూ ఒక్క పెనమే కదా! అయివారి భార్య తీర్పు వేరు. పొంగలికి రెండోది. వేరుశనగ ముద్దలకు మూడోది, ఆ ఉప్పు అందులో కలిసొస్తుంది. పచ్చది వచ్చినవాళ్లకు చూపించడానికి. నాలుగోది పాడావు కుడితిలోకి.

అల్లుడు వెళ్తూ వెళ్తూ ఒక ఆలోచన వదిలిపోయాడు. అక్కడ స్నేహితులో, ఓ అంగడో కలిసి వెళ్లి మూడు నాలుగు పీపాలు రుచి చూసి, నచ్చిన పీపా మొత్తం కొనేసుకుంటారట. అయివారు గానుగ రైతు దగ్గరికి వెళ్లారు. హైడ్రోస్ వెయ్యకుండా ఒక పెనం దించి ఇమ్మన్నారు. కిలోకు పది రూపాయలు ఎక్కువ ఇస్తానన్నారు.

‘రంగు రాకుంటే మండీలో పక్కకు నెడతారు సార్. మీరొక్కరు నాలుగు కిలోలు కొంటే మిగిలింది నేనేం చేసుకునేది?’ అన్నాడు రైతు. న్యాయమైన ప్రశ్న. చిత్తూరు, గాజులమండ్యం సహకార చక్కెర ఫ్యాక్టరీలు మూతపడ్డాక ఆ వైపు చెరుకు రైతుకు గానుగ మీద ఆధారం పెరిగింది. బోరు అడుగంటుతుంది. కౌండిన్య అడవి అంచున తోట ఉంటే ఏనుగులు వచ్చి తొక్కి పోతాయి, ఏనుగుకు చెరుకు రంగుతో పనిలేదు మరి! అన్నీ తట్టుకుని పెనం ఎక్కించాక, వంద కిలోల మీద ప్రయోగం చేయమంటే ఎలా?

నల్లగా ఉంటే ఇంకో తలనొప్పి. నాటుసారా కాసేవాళ్లకు నల్లబెల్లమే ముడిసరుకు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు మొదలుపెట్టిన పోరాటం 1993 అక్టోబరు 1న సారా నిషేధం దాకా వెళ్లింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో సడలిపోయింది. సారా మాత్రం చాటుగా కాగుతూనే వచ్చింది. దాంతో నల్లబెల్లం మూట ఎక్కడ కనబడినా ఎక్సైజ్ వాళ్ల కన్ను. ఆ ఆడవాళ్ల పోరాటాన్ని తప్పుపట్టేవాళ్లెవరు? కానీ మందు కలపకపోవడం వల్ల ముదురుగా ఉన్న బెల్లం, ఉప్పునేలలో పండి నల్లబడిన బెల్లం కూడా ఆ నిందలో వాటా పంచుకున్నాయి. కేరళలో మరయూర్ బెల్లం ముదురు రంగుదే. 2019లో దానికి భౌగోళిక గుర్తింపు దక్కింది. కొల్హాపూర్ బెల్లానికి 2014లోనే వచ్చింది. అక్కడ ఊరి పేరు బెల్లంతోపాటు సంచి ఎక్కుతుంది.

అయివారు లెక్క వేశారు. వంద కిలోలు, పన్నెండు ఇళ్లు, ఇంటికి ఎనిమిది కిలోల చిల్లర. పాత సహోద్యోగులు, ఇరుగుపొరుగు, మదనపల్లెలో ఉన్న వియ్యాలవారు. సంక్రాంతికి ముందు పెనం దించారు. ముదురు తేనె రంగు వచ్చింది. ఒకావిడ మూట విప్పి, ‘ఇది సారాకా, పొంగలికా?’ అని ముఖం మీదే అడిగేసింది. పండగ మర్నాడు ఆవిడే ఇంకో రెండు కిలోలు ఉందేమోనని కబురు పెట్టింది.

రెండో ఏడు అంత బాగా జరగలేదు. చెరుకు కొట్టిన రోజే ఆడలేకపోయారు. బెల్లం రుచిగానే ఉంది కానీ వానాకాలం వచ్చేసరికి చెమర్చి, డబ్బాల్లో జావలా కారింది. మూడిళ్లవాళ్లు మాకొద్దన్నారు. పది రూపాయలు ఎక్కువ పెట్టి కారిపోయే బెల్లం కొంటామా అన్న వాళ్ల మాటలోనూ తప్పులేదు. అయివారు ఆ మూడు వాటాలూ తానే తీసుకున్నారు, ఇంట్లో నాలుగు మాటలూ పడ్డారు. ‘మీ లెక్కలు బళ్లోనే బాగుండేవి’ అందట ఆవిడ.

ఈసారి రైతే కబురు చేశాడు. పెనం ఎక్కించే ముందురోజు ఫోన్ చేస్తాడట, చెరుకు కొట్టిన పూటే ఆడేస్తాడట. సగం డబ్బు ముందు కావాలి. చీటీ మీద పెనం నంబరుతోపాటు తన పేరు కూడా రాయమన్నాడు. తొమ్మిది ఇళ్లు సరేనన్నాయి. మిగిలిన మూడు వాటాల కోసం అయివారు పుంగనూరులో ఓ పాత శిష్యుడిని అడుగుతున్నారు.